శాలిహుండం మలుపు దగ్గర ఒక బాణం గుర్తు

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే గార దాటాక ఒక టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. విశాఖపట్నం నుంచి ఐదుగురు కుర్రాళ్ళు గేరు సైకిళ్ళ మీద వచ్చి దిగారు. వాళ్ళలో ఒకడు ఫోను నా ముందు పెట్టి, "అంకుల్, ఇక్కడేదో బౌద్ధ స్తూపం ఉందంట కదా? మ్యాపు చూసుకుంటూ పోతే పొలం గట్టు మీదికి తోలింది" అన్నాడు. టైర్ల నిండా మట్టి. ఒక సైకిలుకైతే ముందు చక్రంలో పల్లేరు ముల్లు దిగి గాలి పోయింది. శాలిహుండం వెళ్ళే మలుపు దాటేసి చాలాసేపైంది వాళ్ళకు. అక్కడ మలుపు ఉందని చెప్పే బోర్డు లేదు మరి. ఉన్నది ఒక ఫ్లెక్సీ, అదీ ఎవరి పుట్టినరోజుదో.

నేను తపాలా శాఖలో మెయిల్ ఓవర్సీరుగా చేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం సంగతి ఇప్పటి వాళ్ళకు తెలియకపోవచ్చు. పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసులు తిరిగి లెక్కలు చూడాలి, మనియార్డర్లు నిజంగా చేతికి అందాయా అని ఇళ్ళకు వెళ్ళి అడగాలి. నేను తిరిగిందంతా 22 అంగుళాల ఫ్రేము సైకిలు మీదే. వెనక క్యారేజీకి సంచి, హ్యాండిల్‌కి గొడుగు, జేబులో రెండు వాల్వు ట్యూబులు. ఈ మండలంలో ఏ ఊరి కుక్క ఎక్కడిదాకా తరుముతుందో నాకు తెలుసు. అందుకే ఆ కుర్రాళ్ళకు దారి చెప్పి ఊరుకోలేక, ముందు నా సైకిలు తోలుకుంటూ తీసుకెళ్ళాను.

అసలు ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉంది. మా అమ్మాయి, అల్లుడు ఇటలీలో ఫ్లోరెన్స్‌లో ఉంటారు. కిందటి అక్టోబరులో వెళ్ళి నెల రోజులున్నాను. ఇంట్లో కూర్చుంటే నాకు కాళ్ళు పట్టేస్తున్నాయని అల్లుడు ఒక రోజు కారులో గయోలె అనే ఊరికి తీసుకెళ్ళి సైకిలు అద్దెకు ఇప్పించాడు. అది కియాంతి ప్రాంతం. వైనుకు పేరున్న చోటు. ఎటు చూసినా కొండలు, కొండల మీద ద్రాక్షతోటలు, తోటల మధ్య రాతి ఇళ్ళ ఊళ్ళు. కియాంతి వైను ఏయే ఊళ్ళ ద్రాక్షతో చేయాలో 1716లోనే అక్కడి దొర మూడో కోసిమో హద్దులు గీసి శాసనం వేయించాడట. సీసాల మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటుంది. మన పందెం పుంజులకు ఆ నిక్కు రాదు.

సైకిలు పాతది. గేరు మీటలు హ్యాండిల్‌కి కాకుండా కింద ఫ్రేము గొట్టానికి ఉన్నాయి. గేరు మార్చాలంటే ఒక చెయ్యి వదిలి కిందికి వంగాలి. మొదటి మైలులో రెండుసార్లు కాలువలో పడబోయాను. ఊరు దాటి బ్రోలియో అనే కోట వైపు మళ్ళాక తారు అయిపోయి తెల్ల కంకర రోడ్డు మొదలైంది. రెండు పక్కలా సైప్రస్ చెట్లు, మన సరుగుడు తోపులో చెట్ల కంటే నిటారుగా. ఆ దుమ్ము ఎలాంటిదంటే, కొండ సగం ఎక్కేసరికి రైసుమిల్లులో తవుడు ఎత్తిన కూలీలా అయ్యాను. మీసాలు తెల్లబడ్డాయి (అవి ముందే తెల్లవి లెండి). వెనక చక్రం కంకరలో జారి ఒకచోట నిలబడిపోయింది. దిగి తోసుకుంటూ నడిచాను. ఇంతలో నా వయసు ఉన్నాయన ఒకడు ఉన్ని బనీను వేసుకొని, సైకిలు దిగకుండా, నా పక్క నుంచే వెళ్ళిపోయాడు. వెళ్తూ ఏదో అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో నాకిప్పటికీ తెలీదు.

ఆ కోట గురించి ఒక ముక్క చెప్పకపోతే పోస్టల్ వాణ్ణి కాను. ఇటలీకి రెండో ప్రధానిగా చేసిన బెత్తీనో రికాసోలిది అది. కియాంతి వైనులో ఏ ద్రాక్ష ముఖ్యమో, ఏది ఎందుకు కలపాలో ఆయన 1872లో పీసా విశ్వవిద్యాలయంలోని ఒక ప్రొఫెసరుకు ఉత్తరం రాశాడు. ఆ ఒక్క ఉత్తరం పట్టుకొని ఆ ప్రాంతమంతా దశాబ్దాల పాటు వైను చేసింది. ఎవరో ఒక పోస్ట్‌మ్యాన్ దాన్ని సరిగ్గా అందించాడు కదా అనుకున్నాను.

ఇక నన్ను ఆపేసినది వైను కాదు. రోడ్డు చీలిన చోటల్లా కట్టెకు కొట్టిన చిన్న బోర్డు ఉంది. దాని మీద బాణం గుర్తు, దారి పేరు. అంతే. 1997లో కొందరు సైకిలు పిచ్చివాళ్ళు ఈ తెల్ల రోడ్లకు తారు వేసేస్తారేమోనన్న బెంగతో గయోలెలో లెరోయికా అనే సైకిలు యాత్ర మొదలుపెట్టారు. మొదటిసారి వందమంది కూడా రాలేదట. ఇప్పుడు ఏటా అక్టోబరులో వేలమంది వస్తున్నారు. 1987కు ముందు తయారైన రేసు సైకిళ్ళయితేనే రానిస్తారు. ఇంటి దగ్గరున్న నా సైకిలు 1982ది, వయసు చాలుతుంది గానీ అది రేసు జాతిది కాదు. దారిలో ఆగే చోట్ల రొట్టె, సూపు, గ్లాసుడు వైను పెడతారు. యాత్ర అయిపోయాక కూడా ఆ 209 కిలోమీటర్ల దారికి బోర్డులు అలాగే ఉంటాయి. ఎవడైనా, ఎప్పుడైనా, నాలాంటి భాష రానివాడైనా తొక్కుకుంటూ పోవచ్చు.

వాళ్ళు కంకర రోడ్డు కాపాడుకున్నారు కాబట్టి మనమూ మట్టిరోడ్లు అలాగే ఉంచాలని నేను అనను. మట్టిరోడ్డు ఏమిటో నాకు తెలుసు. వర్షాకాలంలో నొప్పులు పడుతున్న ఒక గర్భిణిని మంచం మీద మోసుకొచ్చిన రోజున, సైకిలు గట్టు మీద పడేసి నేనూ ఒక కోడు పట్టాను. మన ఊళ్ళకు తారు కావాలి, వేయండి. నేను అడిగేది బోర్డు.

చూడండి, ఒక్క గార మండలంలోనే ఏమున్నాయో. శ్రీకాకుళంలో బయల్దేరి అరసవల్లి సూర్యనారాయణమూర్తికి దండం పెట్టుకొని పోతే శ్రీకూర్మం. విష్ణువును కూర్మరూపంలో కొలిచే గుడి. స్వామి పడమటి వైపు చూస్తుంటాడు, అందుకే అక్కడ రెండు ధ్వజస్తంభాలు. గుడిలో నక్షత్ర తాబేళ్ళు తిరుగుతుంటాయి. అక్కడి నుంచి గార మీదుగా శాలిహుండం. కొండ మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు, కింద వంశధార. ఈ చోటును 1919లో లోకానికి చూపించినది గిడుగు రామమూర్తి పంతులుగారు. మీ పత్రిక ఈవేళ జనం మాట్లాడే తెలుగులో వస్తోందంటే అందులో ఆయన కష్టం ఎంత ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార ఎగువనే. ఇంకాస్త తొక్కితే కళింగపట్నం. పాత ఓడరేవు, లైట్‌హౌసు, ఏరు సముద్రంలో కలిసే చోటు. ఒక దేవుడు, ఒక బుద్ధుడు, ఒక రేవు, మూడూ ఒకే మండలం. పొద్దున్న బయల్దేరినవాడు మధ్యాహ్నం భోజనానికి తిరిగి శ్రీకాకుళం చేరొచ్చు.

ఆ ఐదుగురు కుర్రాళ్ళనూ కొండ మీదికి తీసుకెళ్ళాను. పెద్ద స్తూపం పక్కన నిలబడి ఏటి వైపు చూసి, అందులో ఒకడు చాలాసేపు ఫోను తీయలేదు. దిగాక ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి "ఏటి బాబూ, ఈ చలిలో సైకిలు తొక్కీసుకొని ఇక్కడికెందుకొచ్చినారు? పనేటీ లేదా?" అంది. తేగలు కాల్చి ఇచ్చింది. డబ్బులిస్తే తిట్టింది. కియాంతిలో గ్లాసుడు వైను పోస్తే, మనకు శీతాకాలం తేగలు, ఎండాకాలం ముంజెలు, ఎప్పుడైనా చోడి అంబలి. కల్లు మాటకొస్తే, అది తాగి సైకిలెక్కిన వాళ్ళను నా సర్వీసులో ఇద్దర్ని చూశాను. ఇద్దరూ చెరువులోనే తేలారు.

ఇంకో మాట. కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, బళ్ళు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. ధాన్యం ఎత్తేశాక రాళ్ళు మాత్రం అలాగే వదిలేస్తారు. నాలుగేళ్ళ కింద ఒక సాయంత్రం గడ్డి కింద దాగిన రాయి ఎక్కి నా మెడ ఎముక విరిగింది. రైతును అనను, కళ్ళం లేనివాడు ఎక్కడ ఆరబోస్తాడు? రాళ్ళు తీసేయమనే నా మొర. రోడ్డు వెడల్పు చేసే పనిలో పోయిన చింతచెట్ల చోట మళ్ళీ మొక్కలు నాటితే సైకిలువాడికే కాదు, నెత్తిన గంపతో నడిచే మనిషికీ నీడ.

బోర్డుల కోసం సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. మూడోసారి వెళ్ళకుండా నేనే ఒక పాత నాపరాయికి సున్నం కొట్టి, ఎర్ర రంగుతో "బౌద్ధ కొండ" అని రాసి, బాణం గుర్తు వేసి, మలుపు దగ్గర పాతాను. బట్వాడా చేసిన చెయ్యి కదా, అక్షరాలు బాగానే వచ్చాయి. వారం తిరగకముందే దాని మీద ఎవరో పెళ్ళి ఫ్లెక్సీ కట్టారు. ముహూర్తం వెళ్ళేదాకా ఆగాను. తర్వాత వెళ్ళి విప్పి, మడిచి, ఆ ఇంటివాళ్ళకే ఇచ్చి వచ్చాను. వాళ్ళు కాఫీ ఇచ్చారు.

అలాంటి రాళ్ళు ఈ దారికి ఇంకో తొమ్మిది కావాలి. చోట్లు నేను చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయిల్ ఓవర్సీరు,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా