కుక్క వెంటపడితే పరుగు ఆపండి, కరిస్తే సీరం అడగండి

సంపాదకుల వారికి,

పోలీసు ఈవెంట్స్‌కూ అగ్నివీర్ ర్యాలీలకూ సిద్ధమయ్యే పిల్లలు చాలా ఊళ్ళలో తెల్లవారుజామున తారురోడ్డు మీదే ప్రాక్టీసు చేస్తుంటారు. 1600 మీటర్లు ఎన్ని నిమిషాల్లో కొట్టాలో, ఏం తినాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. మలుపులో కుక్క లేచి మీదికొస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

చిత్తకార్తెలో జతకట్టిన కుక్కలు సుమారు రెండు నెలలకు, అంటే డిసెంబరు నడుమ, ఈనుతాయి. పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా తల్లికుక్క తానున్న ఇసుక కుప్ప దగ్గరికో, కల్వర్టు దగ్గరికో ఎవర్నీ రానివ్వదు. పగలు తోకాడించే కుక్కే చీకట్లో ఉరికొచ్చే మనిషి మీద పడుతుంది. అందుకే అలాంటి చోటు రాకముందే పరుగు తగ్గించి, రోడ్డుకు అవతలి పక్కగా ఓ ముప్పై అడుగులు నడిచి దాటాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే మొరుగు వినపడదు. చికెన్ షాపుల వెనక వ్యర్థాలు పారబోసే చోట ఆదివారం పూట గుంపులు చేరతాయి. ఆ రోజుకు దారి మార్చుకోవడం మేలు.

కుక్క వెంటపడిందంటే పరుగు ఆపెయ్యాలి. ఎంత వేగం ఉన్నా దాన్ని మించి పరుగెత్తలేం, పైగా పారిపోయే పిక్కను పట్టడం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆగి, పక్కకు తిరిగి, చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్ళలోకి చూడకుండా నిలబడండి. తోక పైకెత్తి గట్టిగా మొరిగే కుక్క చాలాసార్లు తన హద్దు చూపించి ఆగిపోతుంది. అది తగ్గాక వీపు చూపకుండా అడుగులో అడుగు వేస్తూ వెనక్కి జరగాలి. రాయి తీస్తున్నట్టు వంగడం మనవాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే. కుక్క దూరంగా ఉన్నప్పుడు పనికొస్తుంది, దగ్గరికొచ్చాక వంగితే ముఖాన్ని దాని నోటికి అందించినట్టే. కింద పడితే మోకాళ్ళు ముడుచుకుని, మెడనూ చెవులనూ చేతులతో కప్పుకోవాలి. గుంపులో ఒక్కడు పరుగు తీసినా మిగతావాళ్ళు నిలబడి లాభం లేదు.

దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, తూలుతూ, కట్టెనూ రాయినీ కూడా కొరికే కుక్క విషయం వేరు, దానికి రేబిస్, అంటే పిచ్చికుక్క రోగం, ఉండొచ్చు. దాని ముందు నిలబడకూడదు. గేటు వెనక్కో గోడ మీదికో చేరుకోవాలి.

పన్ను దిగితే మొదటి మందు సబ్బే. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో కూడినది, సబ్బు తగిలితే విచ్ఛిన్నమవుతుంది. బట్టల సబ్బయినా సరే, కుళాయి ధార కిందో బోరింగు కిందో పావుగంట కడగాలి. పావుగంటంటే గడియారం చూసి పావుగంట, ఊరికే తడిపి లేచిరావడం కాదు. ఆ తర్వాత బెటాడిన్ పూయాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. కుట్లు కూడా వెంటనే వేయించొద్దు.

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఊళ్ళో టీటీ ఇంజెక్షన్ వేయించుకుని పనైపోయిందనుకుంటారు. అది ధనుర్వాతానికి, రేబిస్‌కు కాదు. రేబిస్ టీకా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. రెండు చేతులకూ చర్మంలో 0.1 మిల్లీలీటరు చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మొదటి సూది వేసిన రోజే సున్నా. సోమవారం మొదలైతే గురువారం, మళ్ళీ సోమవారం, ఆ తర్వాత మూడు వారాలకు వచ్చే సోమవారం. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరిదే. కండకు వేసే పద్ధతిలో అయితే 14వ రోజు కూడా కలిపి అయిదు సూదులు. వాటినీ భుజానికే వేయించుకోవాలి, పిరుదుకు వద్దు.

రక్తం వచ్చిన కాటుకు టీకా ఒక్కటే చాలదు. అది పనిచేయడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ లోపు కాపాడేది గాయంలోకే ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్, అందరూ సీరం అనేది. గుర్రపు సీరమైతే కిలో బరువుకు గరిష్ఠంగా 40 యూనిట్లు, అంటే 60 కిలోల మనిషికి 2400. మనిషి రక్తం నుంచి చేసినదైతే అందులో సగం. గాయం చుట్టూ, లోతుల్లోకీ ఎక్కించాలి. పిక్కమీద, వేళ్ళమీద బాగా నొప్పి పుడుతుంది, అయినా తప్పించుకోకూడదు. టీకాతోపాటే తీసుకోవాలి, కుదరకపోతే తొలి టీకా నుంచి ఏడు రోజుల్లోపు. ఇది చిన్న ఆస్పత్రుల్లో తరచూ ఉండదు, ఏరియా ఆస్పత్రికో జిల్లా ఆస్పత్రికో పోవాల్సి వస్తుంది. అందుకే ‘సీరం ఉందా?’ అని రోగే నోరు తెరిచి అడగాలి. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదులు ఆపొచ్చో లేదో డాక్టరు చెబుతారు. అలాగని పది రోజులూ చూద్దామని మొదటి సూదిని ఆపుకోకూడదు. వీధికుక్క మళ్ళీ కనపడకపోతే కోర్సు పూర్తి చెయ్యాల్సిందే.

రోజూ చీకట్లో పరుగెత్తేవాళ్ళు ముందుగానే 0, 7, 21 రోజుల్లో మూడు టీకాలు వేయించుకోవచ్చు. అప్పుడు కాటు పడితే 0, 3 రోజుల్లో రెండు సూదులు చాలు, సీరం అక్కర్లేదు. కోచింగ్ కేంద్రాలు షూ కొనమన్నట్టే ఇదీ చెప్పాలి.

మున్సిపాలిటీలకూ పంచాయతీలకూ ఒక మాట. కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చిత్తకార్తెకు ముందే, ఆగస్టుకల్లా ముగియాలి. డిసెంబరులో బండి తిప్పితే అప్పటికే కడుపుతోనో పాలిస్తూనో ఉంటాయి. కేంద్రం తెచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసిన కుక్కను పట్టిన చోటే వదలాలి. అయితే విద్యాసంస్థలు, ఆస్పత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దనీ, ఆ స్థలాలకు కంచె వెయ్యాలనీ సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. అలా కంచె పడిన మైదానాల గేట్లు తెల్లవారుజామున నాలుగున్నరకే తీస్తే ఈ పిల్లలు రోడ్డెక్కాల్సిన పనే ఉండదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. సీరం నిల్వ ఏ ఆస్పత్రిలో ఉందో, ఏ వేళల్లో వేస్తారో జిల్లా పేజీలో వారానికోసారి వేయండి.

ఇట్లు
పశువైద్య, ప్రజారోగ్య విభాగాల్లో పనిచేసి విరమించిన కొందరు