పాదం పోయినవాడికి హక్కు కూడా పోవాలా?

సంపాదకులు గారికి,

అయ్యా,

పెద్ద రైలు ప్రమాదం జరిగితే ఎవరికి ఎంత పరిహారమో మర్నాడే పత్రికల్లో వస్తుంది. పాకాల, రేణిగుంట వంటి జంక్షన్లలో బండి ఎక్కుతూనో దిగుతూనో ఒక్కొక్కరుగా జారిపడేవారికి కూడా చట్టం పరిహారం ఇస్తుందన్న సంగతి మాత్రం ఆ ఇళ్లకు చేరడం లేదు.

మా వీధిలో ఉండే తాపీమేస్త్రీ ఒకరు తిరుపతిలో పనికి వెళ్లడానికి పాసింజరు ఎక్కుతుండగా బండి కదిలింది. ఒక చేతిలో పనిముట్ల సంచి ఉంది, రెండో చేతికి కమ్మీ అందలేదు. ఎడమ పాదం పోయింది. ఆసుపత్రిలో రక్తంతో తడిసిన చొక్కాను కత్తెరతో కోసి పారేశారు. జేబులోని టికెట్టు కూడా దానితోనే పోయింది. టికెట్టు లేదు, పైగా కదిలే బండి ఎక్కడం నీదే తప్పు, ఏమీ రాదని తెలిసినాయన ఒకరు చెప్పగా నమ్మి, ఆ ఇంటివారు పది నెలలు ఊరకున్నారు.

ఆ మాటలో రెండు ముక్కలూ తప్పే. రైల్వే చట్టం 124ఎ సెక్షను ప్రకారం ప్రయాణికుడు రైలు నుంచి ప్రమాదవశాత్తూ పడి గాయపడినా, మరణించినా, రైల్వే తప్పు ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా పరిహారం చెల్లించాలి. ఆత్మహత్యా యత్నం, తనకు తాను చేసుకున్న గాయం, సొంత నేరపూరిత చర్య, మత్తు లేదా మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పని, జబ్బు వల్ల కలిగిన హాని మాత్రమే దీనికి మినహాయింపులు. ఎక్కుతూ దిగుతూ పడిపోవడం తనకు తాను చేసుకున్న గాయం కిందికి రాదనీ, మనిషి దగ్గర టికెట్టు దొరకనంత మాత్రాన అతడు ప్రయాణికుడు కాడని తేల్చేయకూడదనీ, జరిగినది అఫిడవిట్టుగా, అంటే ప్రమాణ పత్రంగా, దాఖలు చేస్తే తొలి రుజువు భారం తీరి ఆపై కాదని చూపవలసింది రైల్వేయేననీ 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్లాట్‌ఫారం టికెట్టు కొన్నవారు కూడా ఈ సెక్షను కిందికి వస్తారు. టికెట్టు లేకుండా పట్టాలు దాటేవారికి మాత్రం ఇది వర్తించదు.

2017 జనవరి 1 నుంచి మరణానికి 8 లక్షల రూపాయలు. రెండు చేతులు గానీ రెండు కళ్ల చూపు గానీ పోతే అంతే మొత్తం. మిగతా గాయాలకు నిబంధనల్లోని పట్టికను బట్టి తక్కువ. ప్రమాదం జరగగానే రైల్వే ఇచ్చే ఎక్స్‌గ్రేషియా దీనికి వేరు. 45 పైసల ప్రయాణ బీమా ఆన్‌లైన్ రిజర్వేషను టికెట్లకే కాబట్టి మా పాసింజరు జనానికి దానితో పని లేదు.

మన వాళ్లు ఎక్కువగా తప్పిపోయేది ఎక్కడంటే, రోడ్డు ప్రమాదాల కేసుల్లాగే ఇది కూడా జిల్లా కోర్టులో వేయవచ్చనుకోవడంలో. ఈ దరఖాస్తు వినే అధికారం రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునలుకే ఉంది. మన రాష్ట్రంలో దానికి అమరావతి బెంచి ఉంది. ప్రమాదం జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే ట్రిబ్యునలు మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవడం తెలివైన పని కాదు. తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది; పాదం పోయిన మనిషికి ఈ మాట ఆసుపత్రిలోనే ఎవరో ఒకరు చెప్పి ఉండవలసింది.

నా మనవి పెద్దదేమీ కాదు. ప్రతి స్టేషనులో టికెట్టు కౌంటరు పక్కన, ప్రతి పెద్దాసుపత్రి క్యాజువాలిటీ గోడ మీద తెలుగులో ఒక బోర్డు పెట్టించాలి: రైల్వే పోలీసులకు వెంటనే తెలియజేసి ఎఫ్ఐఆర్ నకలు తీసుకోండి, టికెట్టు భద్రం చేయండి, ఏడాదిలోపు ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయండి అని. గుంతకల్లు డివిజను అధికారులు, తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లు తలచుకుంటే వారం పని.

మేస్త్రీకి ఇంకా ఏడు వారాల గడువుంది. ఆ ఉదయం కౌంటరు వరుసలో అతని వెనకే నిలబడి టికెట్టు కొనడం చూసిన టీకొట్టు ఆయన అఫిడవిట్టు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఉచిత వకీలు కోసం సోమవారం ముగ్గురం చిత్తూరులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళుతున్నాం.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పాకాల, తిరుపతి జిల్లా.