మందు కవరు మీద నాలుగు తెలుగు ముక్కలు రాయించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తెలుగు ఉపాధ్యాయురాలిని. శ్రీకాకుళంలో ఉద్యోగం, పుట్టిల్లు ఉద్దానంలోని కవిటి మండలం. మా అమ్మకు 68 ఏళ్ళు. ఐదో తరగతితో బడి మానేసినా కార్తీకమాసం వస్తే పురాణం పుస్తకం ముందేసుకుని పదిమందికి చదివి వినిపిస్తుంది. రోజూ కళ్ళజోడు పెట్టుకుని పేపర్లో జిల్లా పేజీ అంతా చదువుతుంది. అలాంటి మనిషి తన మందులేమిటో తాను చదువుకోలేక పోయిన వేసవిలో పడిపోయింది. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

అమ్మకు బీపీ ఉంది. ఊరూరా తిరిగి మందులిచ్చే ప్రభుత్వ 104 బండి వచ్చినప్పుడు ఆమ్లోడిపిన్ మాత్రలు తీసుకుంటుంది. కళ్ళు తిరుగుతున్నాయంటే టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇదివరకు ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే, "తెల్లగోళీ బాబూ" అంది. ఆ సమయానికి నేను బిల్లు కౌంటరు దగ్గర ఉన్నాను. ఆయన బీపీకి కొత్త మాత్ర రాశారు. అందులో టెల్మిసార్టాన్‌తో పాటు ఆమ్లోడిపిన్ కూడా కలిసి ఉంది. కంపెనీ పెట్టిన పేరు మాత్రం వేరు. పాతది మానేయమని ఎవరూ చెప్పలేదు. అమ్మ రెండూ వేసుకుంది. ఒకే మందు, రెండు పేర్లతో, రోజూ రెండింతలు.

రెండు వారాలకు పాదాలు వాచాయి. మంత్రి గారూ, కిడ్నీ జబ్బు ఇంటింటినీ భయపెట్టే ఉద్దానంలో కాళ్ళవాపు అంటే ఏమిటో మీకు తెలుసు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్షలోని క్రియాటినిన్ అనే మాట చిన్నపిల్లలకు కూడా నోరు తిరిగే ప్రాంతం మాది. "నాకూ ఆ జబ్బే వచ్చీసినాదేటే" అని అమ్మ ఫోన్లో ఏడ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ బాగానే ఉంది. ఊపిరి పీల్చుకున్నాం. మూడో రోజు తెల్లవారుజామున మంచం దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి.

తప్పెక్కడ జరిగిందో పట్టుకున్నది మా పక్క ఊరి మందుల షాపాయన. అమ్మ మందుల డబ్బా బల్ల మీద బోర్లించి, స్ట్రిప్పులన్నీ తిరగేసి, వెనక సన్న అక్షరాల్లో ఉన్న అసలు పేర్లు ఒక్కొక్కటీ చదివారు. ఆమ్లోడిపిన్ రెండు చోట్ల కనిపించింది. మోతాదు ఎక్కువైతే పాదాలు వాచడం ఈ మందుకు ఉన్న గుణమేనని, బీపీ మరీ దిగిపోతే కళ్ళు తిరుగుతాయని అప్పుడు చెప్పారు. డాక్టరుతో మాట్లాడి ఒకటి ఆపేశాం. వాపు దిగింది. అమ్మ అడిగిన మాట మాత్రం నన్ను వదలడం లేదు: "గోళీలన్నీ తెల్లగానే ఉన్నాయి గదే, ఏది ఏటో నాకెలా తెలుస్తాది?"

మందుల షాపులో ఇచ్చే కాగితం కవరు ఒకసారి తీసి చూడండి. షాపు పేరు, ఫోన్ నంబరు, ఇంటికే తెచ్చిస్తామన్న మాట, ఒక దేవుడి బొమ్మ, ఇవన్నీ అచ్చయి ఉంటాయి. మందు గురించి ఉండేది పెన్నుతో గీసిన 1-0-1 మాత్రమే, అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని. ఎందుకు వాడాలో, ఎన్నాళ్ళు వాడాలో, తినకముందో తిన్నాకో ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రి మందుల కిటికీ దగ్గరైతే చాలాచోట్ల ఆ కవరు కూడా ఉండదు. కత్తెరతో కత్తిరించిన ముక్కలు చేతిలో పడతాయి. ఆ కత్తిరింపులో మందు పేరు ఒక ముక్కకు, గడువు తేదీ ఇంకో ముక్కకు పోతాయి.

నియమాలు లేక కాదు. ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు 2015లోనే వచ్చాయి. మందు పేరు, మోతాదు, ఎలా వాడాలి, ఏ ఇబ్బందులు రావచ్చు, ఒక పూట మరచిపోతే ఏం చేయాలి, ఇవన్నీ ఫార్మసిస్టు రోగికి వివరించాలని అందులో ఉంది. డాక్టర్లు జనరిక్ పేర్లను, అంటే మందుల అసలు పేర్లను, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో చెప్పింది. మంచిదే. కానీ ఇంగ్లిషు అక్షరం ఎంత పెద్దగా రాసినా మా అమ్మకు అది అక్షరం కాదు, గీత.

స్ట్రిప్ మీద ఏం అచ్చు వేయాలన్నది కేంద్రం నిబంధనల్లో ఉండే విషయమని నాకు తెలుసు. కవరు మీద ఏం ఉండాలన్నది మీ చేతిలో పనే. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనేది రాష్ట్ర సంస్థే కదా. ఆ కొనుగోలులోనే ఒక తెలుగు కవరు చేర్చండి. మందు అసలు పేరు తెలుగు లిపిలో, అది ఏ జబ్బుకో, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గళ్ళు, తినకముందు, తిన్నాక, ఎన్ని రోజులు. చదువు రాని వాళ్ళ కోసం సూర్యుడు, చంద్రుడి బొమ్మలు. 104 బండిలోనూ ఇవే కవర్లు ఉండాలి. ప్రైవేటు షాపులకు ఔషధ నియంత్రణ శాఖ ద్వారా చెప్పించండి. ఒక్క రబ్బరు స్టాంపుతో అయ్యే పని ఇది.

ఉద్దానం మనిషిగా ఇంకొకటి అడుగుతున్నాను. మా దగ్గర జీడి తోటల్లో, కొబ్బరి తోటల్లో నడుం వంచి పనిచేసేవాళ్ళు నొప్పుల బిళ్ళ మీదే రోజు గడుపుతారు. ఆ బిళ్ళల్లో ఒకటైన డైక్లోఫెనాక్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. మా ఊళ్ళో అది బీడీకట్ట అడిగినంత తేలిగ్గా దొరుకుతుంది. మా కిడ్నీ జబ్బుకు ఈ బిళ్ళలే కారణమని నేను అనడం లేదు. ఆ కారణం ఇంకా తేలలేదు. కానీ ఇప్పటికే నీరసించిన కిడ్నీ మీద ఈ బిళ్ళ దెబ్బ కొడుతుందన్నది వైద్యులందరూ చెప్పే మాట. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, ఒంట్లో నీరు మూత్రంగా పోయే మాత్ర వేసుకునేవాళ్ళు నొప్పుల బిళ్ళ కూడా కలిపితే కిడ్నీకి ముప్పు మరీ ఎక్కువ. మా పెదనాన్న మూడూ కలిపి వేసుకునేవాడు. మూడూ మూడు చోట్ల తెచ్చుకునేవాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నాడు. ఆ బిళ్ళ ఇచ్చే కవరు మీద "కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు" అని ఒక్క వరుస ఉండి ఉంటే, కనీసం ఇంట్లో పిల్లలు చదివేవారు.

ఫార్మసిస్టుల కష్టం కూడా చూశాను. ఆసుపత్రి కిటికీ ముందు వరుస గేటు దాకా ఉంటుంది. లోపల ఒక్కరే. వాళ్ళను నిందించి ప్రయోజనం లేదు, మరో మనిషిని ఇవ్వాలి. షాపుల్లోనైతే గోడ మీద సర్టిఫికెట్ ఒకరిది, మందు ఇచ్చే చెయ్యి ఇంకొకరిది. 1948 నాటి ఫార్మసీ చట్టం అర్హత ఉన్నవాళ్ళే మందు ఇవ్వాలంటోంది. దాన్ని అమలు చేయించండి.

ఇప్పుడు అమ్మ మందులకు కవర్లు నేనే రాస్తున్నాను. స్కెచ్ పెన్నుతో, లావు అక్షరాల్లో. మొన్న 104 బండి వచ్చినప్పుడు తన కవరు చూపించి, "ఈ ఆమ్లోడిపిన్ నాకు వేరే గోళీలో ఉంది, ఇది వద్దు" అని తిప్పి ఇచ్చేసిందట. చదివించుకున్నది ఎవరినీ కాదు, తానే చదువుకుంది. తెలుగు రాసిచ్చే కూతురు అందరి ఇళ్ళలోనూ ఉండదు కదా మంత్రి గారూ.

ఈసారి మా జిల్లాకు వచ్చినప్పుడు ఏ ఆసుపత్రిలోనైనా మందుల కిటికీ పక్కన ఓ పది నిమిషాలు నిలబడండి. బయటికొచ్చే పెద్దావిడను ఆపి, చేతిలో మాత్రలు చూపించి, "ఇది దేనికమ్మా?" అని అడగండి.

ఇట్లు,
ఉద్దానం ఆడపడుచు, ఒక తెలుగు ఉపాధ్యాయురాలు