బర్న్స్ విందులో పూర్ణం బూరె

తల్లిదండ్రులకు నమస్కారం.

జనవరి 24, శనివారం మన తెలుగు బడిలో జరిగిన బర్న్స్ విందుకు వచ్చినవారికీ, రాలేకపోయినా తెల్లవారుజామునే లేచి బూరెలు వండి పంపినవారికీ కృతజ్ఞతలు. విందుకు ముందు మీలో ఇద్దరు ముగ్గురు నన్ను ఒక మాట అడిగారు. పిల్లలు వారానికి రెండు గంటలే తెలుగు నేర్చుకుంటున్నారు కదా, అందులో ఒక రోజు స్కాట్లండ్ కవికి ఇచ్చేయడం ఎందుకని. అడగాల్సిన మాటే. అందుకే ఈ నెల ఉత్తరం అంతా దాని మీదే రాస్తున్నాను.

రాబర్ట్ బర్న్స్ 1759 జనవరి 25న అల్లోవేలో పుట్టాడు. మన గ్లాస్గో నుంచి కారులో గంట ప్రయాణం. రైతు బిడ్డ, తానూ నాగలి పట్టినవాడు. ఆ రోజుల్లో ఎడిన్‌బరో పెద్దమనుషులు తమ మాటల్లో స్కాట్స్ (స్కాట్లండ్ జనం వాడుక భాష) వాసన రాకుండా జాగ్రత్తపడుతుంటే, బర్న్స్ ఇంట్లో, పొలంలో మాట్లాడే మాటతోనే కవిత్వం చెప్పాడు. 37 ఏళ్లకే పోయాడు. 1801లో తొమ్మిదిమంది స్నేహితులు ఆయన పుట్టిన ఇంట్లోనే కూడి, హ్యాగిస్ అనే మాంసం వంటకం తిని, ఆయన పద్యాలు చదువుకున్నారు. స్కాట్లండ్ వాళ్లు ఏ దేశం వెళ్లినా జనవరిలో చేసుకునే విందు అలా మొదలైంది. వాడుక భాష కోసం మన గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది ఆ తర్వాత నూరేళ్లకు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చెబితే పెద్ద క్లాసు పిల్లలకు ఇట్టే అర్థమైంది.

మనం శనివారాలు వాడుకునే ఈ భవనం జానిటర్ గారు మీ అందరికీ తెలుసు. చిన్నప్పుడు క్లాసులో 'యెస్' అనకుండా స్కాట్స్‌లో 'ఐ' (అవును) అన్నందుకు అరచేతి మీద తోలుపట్టీ దెబ్బలు తిన్నానని పిల్లలకు చెప్పారు. 2025 నవంబరు 30న, స్కాట్లండ్ జాతీయ దినమైన సెయింట్ ఆండ్రూస్ డే నాడు, గేలిక్‌తో పాటు స్కాట్స్ కూడా ఈ దేశంలో అధికార భాష అయింది. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతు బరువెక్కింది.

ఆ వెంటనే హ్యాగిస్ అనే జంతువు కథ ఎత్తుకున్నారు. కొండవాలు మీదే తిరుగుతుందట, అందుకని ఒకవైపు కాళ్లు పొట్టి, రెండోవైపు పొడుగు. ఎప్పుడూ ఒకే వైపు పరుగెడుతుందట. 'మరి వెనక్కి తిరిగితే?' అని ఒకటో క్లాసు పిల్లవాడు అడిగాడు. 'దొర్లిపోతుంది, అప్పుడే పట్టుకుంటాం' అన్నారాయన ముఖంలో నవ్వనేది కనబడకుండా. ఆ పిల్లవాడు ఇంటికెళ్లి ఇది నిజమేనా అని అడిగితే, ఇంకో వారం దాకా చెప్పకండి.

అసలు హ్యాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్స్, ఉల్లిపాయ, మసాలా కలిపి పొట్ట సంచిలో కూరి ఉడికించేది. చాలా రకాల్లో ఎద్దు కొవ్వు కూడా పడుతుంది. కాబట్టి మనం శాకాహార హ్యాగిస్ మాత్రమే వడ్డించాం. అదేమీ మన కోసం పుట్టింది కాదు. 1984లో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభానికి తయారుచేశారు.

హ్యాగిస్‌ను పిండివంటల జాతికి నాయకుడిగా పొగుడుతూ బర్న్స్ రాసిన పద్యాన్ని జానిటర్ గారు చదివి, కత్తి దించారు. గుప్పున ఆవిరి లేచింది. తర్వాత మన వంతు. నాలుగో క్లాసు అమ్మాయి పూర్ణం బూరె ముందు నిలబడింది:

ఓ పూర్ణం బూరే, పిండివంటల పెద్దమ్మా!
పైన బంగారు పట్టు, లోన బెల్లం గుట్టు,
నెయ్యి పోస్తే మునిగేది నువ్వు,
నిన్ను చూస్తే కరిగేది నేను!

అని బూరెను రెండుగా కోసింది. ఆవిరి రాలేదు. పొద్దున వండినవి, చల్లారిపోయాయి. ఒక్క క్షణం దానివంక చూసి, 'ఈ చలికి ఆవిరి కూడా కోటు తొడుక్కుని లోపలే కూర్చుంది' అంది. హాలంతా ఘొల్లుమంది. ఈ అమ్మాయి రెండేళ్లుగా నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది. ఆ మాట ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ నేర్పలేదు. నన్ను అడిగినవారికి నా జవాబు అదే.

ఒక నాన్నగారు కిల్టు (స్కాట్లండ్ మగవాళ్ల కుచ్చిళ్ల లంగా) కట్టుకొచ్చారు. దానికి 8 గజాల గుడ్డ పడుతుందని తెలిసి, తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మగారు కుచ్చిళ్లు వేళ్లతో లెక్కపెట్టి చూసి, 'మా అమ్మ కట్టిన చీరకు గజం తక్కువే నాయనా' అన్నారు.

అమ్మాయిలను అబ్బాయిలు ఆటపట్టించడం, వాళ్లు తిరిగి వడ్డించడం ఈ విందులో ఒక ముచ్చట. మన పెళ్లిళ్లలో వియ్యాలవారి ఎత్తిపొడుపుల్లాంటిదే. రంగు, ఒళ్లు, ఇంటిపేరు జోలికి వెళ్లకూడదని ముందే చెప్పాను. పిల్లలు ఆ మాట నిలబెట్టారు. వచ్చే ఏడూ ఇదే నియమం.

ఫిబ్రవరి 21, మాతృభాషా దినోత్సవం, శనివారమే పడింది. ఆ రోజుకు ప్రతి బిడ్డా తాతయ్యకో అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి, వాళ్ల ఊళ్లో మాత్రమే అనే ఒక నవ్వుల మాట తెచ్చుకోవాలి. శ్రీకాకుళం మాటైనా, పాలమూరు మాటైనా, చిత్తూరు మాటైనా సరే. దయచేసి దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దకండి.

జానిటర్ గారు ఆరు బూరెలు తిన్నారు, ఎలా వండాలో రాసిమ్మంటున్నారు. ఓట్స్ పిండితో ప్రయత్నిస్తారట. ఎవరైనా ఇంగ్లీషులో రాసి పంపండి. రెండు స్టీలు డబ్బాలు, ఒక నేతి గిన్నె బడి వంటింట్లో ఉండిపోయాయి. వచ్చే శనివారం తీసుకెళ్లండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు