లైను మీది కాదంటే, బాధ్యత ఎవరిది?

విశాఖపట్నం

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదును పట్టించుకోకపోవడం, మా భవనంలోకి మరో సంస్థను రానివ్వకపోవడం గురించి.

అయ్యా,

ఎం.వి.పి. కాలనీలోని మా అపార్ట్‌మెంట్‌లో మీ కేబుల్ బ్రాడ్‌బ్యాండ్ సాయంత్రం అయ్యేసరికి ఆగిపోతోంది. తీగలన్నాక పాడవుతాయి, బాగుచేసుకుంటే సరిపోతుంది. నన్ను ఈ లేఖకు పురిగొల్పింది ఆ లోపం కాదు. దాన్ని సరిచేయడం మా పని అని మీ సంస్థలో ఒక్కరైనా ఒప్పుకోకపోవడమే.

కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే ముందు మోడెం ఆపి మళ్లీ వేయమంటారు. వేశానని చెబితే, మీ ప్రాంతంలో లైను స్థానిక కేబుల్ ఆపరేటర్‌ది కాబట్టి ఆయన్నే అడగమంటారు. ఆయన దగ్గరికి వెళితే, తీగ నాదే గానీ నెట్ ఇచ్చేది కంపెనీ, అక్కడే తేల్చుకోండి అంటాడు. ద్వారకానగర్‌లోని మీ కార్యాలయానికి వెళితే, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా మాట పూర్తి కాకముందే కంప్యూటర్ చూసి, ‘టికెట్ క్లోజ్ అయిపోయింది కదండీ’ అని తర్వాతి మనిషిని పిలిచింది.

ఆ టికెట్‌ను, అంటే నా ఫిర్యాదును, ఎలా మూసేశారో నేను కళ్లారా చూశాను. మీరు పంపిన టెక్నీషియన్ మెట్ల పక్కనున్న బాక్సు తెరిచాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టి పచ్చబడిన జాయింటును నాకే చూపించి, లోపం ఇక్కడే ఉందన్నాడు. ఫొటో తీసుకున్నాడు. తర్వాత, ఇది ఆపరేటర్ సామాను, ముట్టుకోవద్దని మాకు ఆర్డరుందని చెప్పి తలుపు వేసేశాడు. అతను కింది అంతస్తుకు చేరకముందే, సమస్య పరిష్కారమైందని నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఆ మెసేజే.

పోనీ, మీరు చేయలేకపోతే మరొకరిని పిలుచుకుందామనుకున్నాం. ఆ సంస్థ మనిషి తీగ చుట్ట భుజాన వేసుకుని వస్తే, ఈ బిల్డింగ్‌లోకి వేరే వైరు రాదని ఆపరేటర్ కుర్రాళ్లు గేటు దగ్గరే ఆపి పంపేశారు. దీనిపై మీ ప్రాంతీయ అధికారిని అడిగితే, తీగ వేసినవాడిదే తీగ, ప్రపంచమంతా ఇంతేనని ఫోన్ పెట్టేశారు.

ప్రపంచమంతా ఇలా లేదని ఆయనకు తెలియజేయండి. కేబుల్ నెట్‌వర్క్‌ను ఇతర ఇంటర్నెట్ సంస్థలకూ తెరవాలా వద్దా అన్న వివాదం అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2005లో అక్కడి తీర్పు కేబుల్ కంపెనీల వైపే వచ్చిన మాట నిజమే. కానీ కెనడాలో పెద్ద కేబుల్ కంపెనీలు తమ నెట్‌వర్క్‌ను ఇతర సంస్థలకు టోకు ధరకు ఇవ్వాలని నియంత్రణ సంస్థే నిబంధన పెట్టింది. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా భవనాల్లోని సదుపాయాలను సర్వీసు సంస్థలు పంచుకునేలా చూడాలని 2017 జనవరిలో సిఫార్సు చేసింది. అది సిఫార్సే, చట్టం కాదని మీరనవచ్చు. అయినా, తీగ మీద హక్కు మాది, బాధ్యత మాత్రం మాది కాదు అనడానికి ఏ దేశపు నిబంధనా ఒప్పుకోదు.

మేము నిన్న మొన్న చేరిన చందాదారులం కాము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఊరినంతా కూల్చేసినప్పుడు, స్తంభాలు విరిగి తీగలు రోడ్డు మీద పడివున్న రోజుల్లో, నెట్ లేకపోయినా మీ బిల్లు కట్టాం. మీ కుర్రాళ్లు మా మేడ మీద కొత్త తీగలు లాగుతుంటే టీ పెట్టి ఇచ్చాం. ఆపదలో మేము మీకు తోడున్నాం కాబట్టి, మా ఇబ్బందిలో మీరు కనీసం జవాబైనా ఇస్తారని ఆశించడం తప్పు కాదు.

2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే చందాదారు 30 రోజుల్లో మీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. ఆ అథారిటీ చిరునామా అడిగితే, అలాంటిదేమీ లేదని మీ కాల్ సెంటర్‌లో చెప్పారు. ఆ చిరునామా నాకు రాతపూర్వకంగా పంపండి. మా భవనంలోని లైను ఎవరి బాధ్యతో కూడా రాసి, అధికారి సంతకంతో ఇవ్వండి. బాధ్యత మీదైతే ఆ జాయింటు మార్చి, నెట్ రాని రోజుల సొమ్ము బిల్లులో తగ్గించండి. కాదంటే మరో సంస్థ తీగకు అడ్డు రాకుండా మీ ఆపరేటర్‌ను ఆపండి.

ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. టెలికాం సేవలపై అక్కడికి వెళ్లే హక్కు చందాదారుకు ఉందని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేము నివసించే చోటే కేసు వేయవచ్చు. మా అపార్ట్‌మెంట్‌లోని మీ చందాదారులందరూ సంతకం చేసిన ఫిర్యాదు ఇప్పటికే సిద్ధంగా ఉంది. మీ టెక్నీషియన్ తీసిన ఫొటోను మీరు భద్రపరచకపోయినా ఫరవాలేదు, ఆ జాయింటును మేమూ ఫొటో తీశాం.

ఇట్లు,
మీ పాత చందాదారు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం