42వ రోజు తర్వాత మా అమ్మాయి ఎవరి లెక్కలో ఉంది?

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కాన్పులో బెదిరిపోయిన మా అమ్మాయి గురించి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడింటికీ కలిపి ఫోనుకు ఒకే సందేశం వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది'. ఏం పరిష్కారమైందో మాకూ చెబితే సంతోషిస్తాం కదా! అందుకే ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను.

మా అమ్మాయికి ఈ మాఘంలో నగరంలోని ఒక ఆసుపత్రిలో కాన్పు అయింది. నొప్పులకు తాళలేక అరిస్తే తొడ మీద చరిచి, 'అప్పుడు లేని నొప్పి ఇప్పుడేమిటి' అన్నారు. ఆ తర్వాత హడావిడిగా ఆపరేషన్, ఆగని రక్తస్రావం. బిడ్డ ఎక్కడుందో తొమ్మిది గంటలు ఎవరూ చెప్పలేదు. కాగితం మీద మాత్రం తల్లీ బిడ్డా క్షేమం.

ఇప్పుడు వంటింట్లో స్టీలు గిన్నె జారిపడితే చాలు, చంకలో బిడ్డతో సహా బిగుసుకుపోతుంది. ఆ గదిలో ట్రేలో కత్తెరలు పడ్డ చప్పుడట అది. అర్ధరాత్రి పొట్ట పట్టుకుని లేచి కూర్చుంటుంది. బస్సు ఆ ఆసుపత్రి ముందు నుంచి వెళుతుందని రెండు ఆటోలు మారి చుట్టూ తిరిగి వస్తుంది. పాపకు ఆరు వారాల టీకా పది వారాలకు వేయించాం, అదీ నేను ఎత్తుకెళ్ళి. నర్సమ్మ గారు 'చదువుకున్నవాళ్ళకే ఇంత అశ్రద్ధా' అని కోప్పడ్డారు. అశ్రద్ధ కాదమ్మా అనడానికి అప్పటికి నా దగ్గర ఆ జబ్బు పేరు లేదు.

ఒక డాక్టరు బాలింత దిగులని మాత్రలు రాశారు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు (కట్టించింది నేనే, దాచడమెందుకు). నాలుగో నెలలో ఒక మానసిక వైద్యురాలు చెప్పారు, ఇది పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా పట్టుకునే భయం. యుద్ధం చూసొచ్చిన సైనికులకు వచ్చేదే. ప్రసవించిన వందమందిలో సుమారు నలుగురికి వస్తుందట, ప్రాణం మీదికి వచ్చిన కాన్పుల్లో ఇంకా ఎక్కువట. జరిగినదాన్ని విడతలు విడతలుగా మాట్లాడించి భయం దించే చికిత్స ఉంది. విడతకు 1,500 రూపాయలు పెట్టి మేం చేయిస్తున్నాం. పెట్టలేనివాళ్ళ సంగతి?

మీ ఆశా కార్యకర్త, పాపం, కాన్పైన 42వ రోజు దాకా ఒక్కసారి కూడా మానకుండా వచ్చింది. పాప బరువు తూచింది, పాలు పడుతున్నాయా, కుట్లు మానాయా అని అడిగింది. తల్లికి నిద్ర పడుతోందా అని అడగమని ఆమెకెవరూ చెప్పలేదు. అయ్యా, లక్షణాలు నెలకు పైగా ఉంటేనే ఈ జబ్బును జబ్బంటారు. అది బయటపడే వేళకు మీవాళ్ళు బాలింతను చూడడానికి రావడం మానేస్తారు!

మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోను నంబరు 14416 ఉంది కదా అంటారు. ఆ నంబరు ఎన్ని ప్రసూతి వార్డుల గోడల మీద ఉందో ఒకసారి తిరిగి చూడండి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది కదా అంటారు. ఈ ఊళ్ళో ఎర్రగడ్డ అనే పేరే ఒక తిట్టు. బాలింతను అక్కడికి తీసుకెళితే అత్తవారింట ఏమంటారో మీకు నేను చెప్పాలా?

పిల్లల టీకాల రోజున తల్లులను కూడా రెండు మాటలు అడిగించండి. కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రిలో కౌన్సెలర్‌ను పెట్టండి, ఆ గది మాత్రం లేబర్ రూము దారిలో వద్దు. అన్నిటికంటే ముందు, ఆ చెయ్యి ఇంకొకరి తొడ మీద పడకుండా చూడండి. ఇదే మాట నాలుగోసారి అడుగుతున్నాను.

వచ్చే నెల మనవరాలికి తొమ్మిది నెలల టీకా. ఈసారి తనే ఎత్తుకొస్తానంటోంది మా అమ్మాయి. గేటు దాకా.

ఇట్లు,
ఒక బాలింత తల్లి,
హైదరాబాద్