నాలుగు రోజులు ఆగిపోయే ఓడకి ఇంత రచ్చ ఎందుకంటావా

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. మిగతా కబుర్లన్నిటికీ తర్వాత రాస్తా గానీ ముందు ఆ ఒక్క ముక్క సంగతి తేల్చుకుందాం, అది చదివిన దగ్గర్నుంచి బుర్రలో తిరుగుతానే ఉంది. "యుద్ధనౌక రేవుకొచ్చి ఆయిల్ పోయించుకుని, సెయిలర్లు నాలుగు రోజులు ఊరంతా తిరిగి పోతారు, దాహమేసి పక్కింట్లో మంచినీళ్లు తాగినట్టే కదా, దానికి ఇంత గోలెందుకు" అన్నావ్. బానే ఉంది రా, కానీ ఆ పక్కిల్లు అన్నదమ్ముల మధ్య కోర్టులో ఉందనుకో. నువ్వు నీళ్లు తాగావా లేదా ఎవడిక్కావాలి, తలుపు ఎవణ్ణి అడిగి తీశావన్నదే గొడవ.

ఇక్కడా అంతే. సముద్రంలో అలా దాటుకుంటూ పోవడానికి యుద్ధనౌకలకి కొన్ని హక్కులున్నాయి గానీ, రేవులోకి రావాలంటే మాత్రం ఆ దేశం ఊ అనాల్సిందే. ముందు ఎంబసీ నుంచి కాయితం వెళ్లాలి, ఏ ఓడ, ఎన్ని రోజులు, ఎందుకు అని, అటునుంచి డిప్లొమాటిక్ క్లియరెన్స్, అంటే సరే రండన్న అనుమతి, రావాలి. ఇప్పుడు ఇద్దరు నాదంటే నాదని కొట్టుకుంటున్న చోట ఆ కాయితం ఎవరికి రాస్తే వాడే ఓనర్ అని నువ్వు ఒప్పేసుకున్నట్టు. ఎవరికీ రాయకుండా వెళ్తే ఇంకా పెద్ద మాట అన్నట్టు.

2008 గుర్తుందా, జార్జియా, రష్యా యుద్ధం. ఆగస్టు 26న రష్యా, జార్జియా నుంచి విడిపోతామంటున్న అబ్ఖాజియాని వేరే దేశంగా గుర్తించింది, మర్నాడే వాళ్ల 'మాస్క్వా' క్రూయిజర్ యుద్ధనౌక వెళ్లి అబ్ఖాజియా రాజధాని సుఖుమి దగ్గర నిలబడింది. జార్జియా లెక్కలో సుఖుమి జార్జియాదే, ఆ దేశపు పర్మిషన్ లేకుండా వచ్చి నిలబడిందంటే ముందురోజు సంతకానికి ఇనుముతో ముద్రేసినట్టే కదా. తమాషా ఏంటంటే అదే రోజు అమెరికా కోస్ట్ గార్డ్ ఓడ 'డల్లాస్' సాయం సామాన్లేసుకుని జార్జియాకి వచ్చింది, అసలు పోతి రేవుకి వెళ్దామనుకున్నారు, కానీ ఆ చుట్టుపక్కల రష్యా సైన్యం ఉండటంతో బతూమీకి తిప్పేశారు. మళ్లీ సెప్టెంబర్ మొదట్లో 'మౌంట్ విట్నీ' మాత్రం పోతికే వెళ్లింది. పిల్లల సామాన్లు, దుప్పట్లు దింపడానికి కూడా ఏ రేవు అన్నది ఇంత ఆలోచించాల్సి వచ్చింది చూడు.

ఇంకోటి చెప్తా, నాకు ఇది మహా ఇష్టం. సెయుటా అని ఆఫ్రికా ఒడ్డున స్పెయిన్ చేతిలో ఉన్న ఊరు, మొరాకో అది మాదంటుంది. ఎదురుగా జలసంధి అవతల జిబ్రాల్టర్, అది బ్రిటన్ చేతిలో ఉంది, స్పెయిన్ అది మాదంటుంది. (ఒకే నోటితో రెండు వాదనలు, ఆ విదేశాంగ శాఖలో పనిచేసేవాళ్లకి తలనొప్పి మాత్రలు ఎన్ని కావాలో.) స్పెయిన్ నాటోలో, అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమిలో ఉంది కదా, అయినా ఏళ్ల తరబడి రష్యా యుద్ధనౌకలు సెయుటాలో ఆగి ఆయిల్ నింపుకుని వెళ్లేవి, ఊరికి నాలుగు డబ్బులొచ్చేవి, ఎవరూ పెద్దగా పట్టించుకోలా. 2016 అక్టోబర్‌లో 'అడ్మిరల్ కుజ్నెత్సోవ్' విమానవాహక నౌక సిరియాకి పోతూ, దాని వెంట ఉన్న ఓడలు సెయుటాలో ఆగుతామన్నాయి, అప్పుడు సిరియాలోని అలెప్పో మీద రష్యా బాంబులు పడుతున్నాయి, ఇంకేముంది నాటోలో గగ్గోలు. స్పెయిన్ రష్యాని వివరణ అడిగింది, రష్యా ఆ అప్లికేషన్ వాపస్ తీసుకుంది. నిన్నటిదాకా మామూలు బంకు, రాత్రికి రాత్రి అంతర్జాతీయ సమస్య. రేవు మారలా, ఆయిల్ మారలా.

వద్దనడం కూడా ఒక భాషే రా, అది మర్చిపోకు. ఫాక్‌లాండ్స్ దీవులు బ్రిటన్ చేతిలో ఉన్నాయి, అర్జెంటీనా అవి మావంటుంది. 2010లో ఆ దీవుల దారిలో ఉన్న బ్రిటన్ యుద్ధనౌక 'గ్లౌసెస్టర్' మాంటెవిడియోలో ఆగుతానంటే ఉరుగ్వే కుదరదంది, 2011 జనవరిలో ఇంకో బ్రిటన్ ఓడ 'క్లైడ్'కి బ్రెజిల్ రియోలో చోటివ్వలా, ఇద్దరూ అర్జెంటీనా వైపున్నామని ఒక్క తూటా పేల్చకుండా చెప్పేశారు. ఇంకా నాకు బాధేసేది 2007 నవంబర్ సంగతి. అమెరికా విమానవాహక నౌక 'కిటీ హాక్' వాళ్ల థాంక్స్‌గివింగ్ పండక్కి హాంగ్‌కాంగ్ రావాలి, సెయిలర్ల కుటుంబాలు వందల మంది విమానాలెక్కి ముందే వచ్చి కూర్చున్నారు, చివరి నిమిషంలో చైనా రావద్దంది. తర్వాత మనసు మార్చుకుని సరే రండంది, అప్పటికే ఓడ వెనక్కి తిరిగింది. తిరుగు దారి ఎటు పట్టిందో తెల్సా, చైనాకీ, చైనా మాదంటున్న తైవాన్‌కీ మధ్య ఉన్న తైవాన్ జలసంధి గుండా! దానికి కొద్ది రోజుల ముందే అమెరికావే రెండు చిన్న మైన్‌స్వీపర్లు (సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడలు) గాలివాన, ఆయిల్ అయిపోతోంది ఆశ్రయం ఇవ్వండంటే కూడా ఇవ్వలా. రాజకీయం ఎంతైనా చేసుకోండి గానీ తుఫాన్లో ఉన్నోడికి రేవు లేదనడం మాత్రం నా దృష్టిలో అన్యాయం.

ఇక్కడే నీ ప్రశ్నకి అసలు జవాబు ఉంది. అమెరికా నౌకలు తైవాన్ జలసంధిలోంచి తరచూ వెళ్తూనే ఉంటాయి, చైనా తిడుతుంది, అక్కడితో సరి. కానీ 1979లో తైవాన్‌తో అధికారిక సంబంధాలు తెంచుకున్నాక అమెరికా యుద్ధనౌకలు అక్కడి రేవులకి పోర్ట్ విజిట్‌కి వెళ్లడం మానేశాయి. 2017లో వాషింగ్టన్‌లో వాళ్ల పార్లమెంటు, అదే కాంగ్రెస్, మళ్లీ వెళ్లే ఆలోచన కదిపితే చైనా దౌత్యవేత్త లీ కషిన్ బహిరంగంగానే అన్నాడు, అమెరికా నౌక తైవాన్ రేవు కావోష్యుంగ్ చేరిన రోజే మా సైన్యం తైవాన్‌ని బలవంతంగా కలుపుకునే రోజు అని. దాటిపోతే తిట్లు, లంగరేస్తే యుద్ధం. తేడా ఎక్కడుందో చూశావా, దాటేటప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.

మధ్యలో నలిగేది చిన్న దేశాలు. 2022లో హంబన్‌టోట రేవుకి చైనా 'యువాన్ వాంగ్ 5', ఉపగ్రహాల్ని కనిపెట్టే ఓడ, వస్తానంటే శ్రీలంక మొదట సరే అని, మనవాళ్లు అభ్యంతరం చెప్పాక కాస్త ఆగండని, మళ్లీ సరే అని, చివరికి ఆగస్టు 16న రానిచ్చింది. అప్పటికి వాళ్ల ఖజానా ఖాళీ, ఇద్దరి దగ్గరా చెయ్యి చాచాల్సిన పరిస్థితి, పాపం ఎటు తల ఊపాలి? ఆఖరికి 2024 జనవరి నుంచి ఏడాది పాటు విదేశీ రీసెర్చ్ ఓడలు అసలు ఎవరివీ వద్దన్నారు. అందరికీ తలుపేస్తే ఎవరూ అలగరని!

నువ్వు మన ఓడల గురించి అడిగావు కదా, ఒకటి రాసి ఆపేస్తా. 2011 జులైలో మన నేవీ ఓడ 'ఐరావత్' వియత్నాంలో న్యా చాంగ్ రేవుకి వెళ్లింది, అంతా మర్యాదగా జరిగింది. ఆ సముద్రంలో చాలా భాగం చైనా మాదంటుంది. 22న అక్కణ్ణుంచి బయల్దేరి ఒడ్డుకి 45 నాటికల్ మైళ్ల దూరంలో ఉండగా రేడియోలో ఎవడో చైనా నేవీని అని చెప్పుకుని, మీరు చైనా జలాల్లోకి వస్తున్నారు అన్నాడు. మనవాళ్లు చుట్టూ చూస్తే ఓడ లేదు, విమానం లేదు, ఏమీ లేదు, ఒట్టి గొంతే. మనోళ్లు తమ దారిన తాము వెళ్లిపోయారు. ఆ సమయంలో బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, డ్యూటీలో నువ్వుండి ఉంటే ఏం చేసేవాడివో ఈసారి ఉత్తరంలో రాయి, అబద్ధం రాయకు.

ఉంటా మరి,
నీ మావ